వాన నీళ్లలో ఈసీ పెన్ను చెప్పే అంకెను నమ్మొచ్చా? తక్కువ ఉప్పు దగ్గర మీటరు సరిచూసుకునే పద్ధతి



ఇప్పుడు ఈసీ పెన్నో టీడీఎస్ పెన్నో లేని ఊరు తక్కువ. వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. బోరు నీళ్లలో ముంచితే అంకె చూపిస్తుంది. అంకె పెద్దదైతే ఉప్పు నీళ్లని, చిన్నదైతే మంచి నీళ్లని అనుకుంటాం. బోరు నీళ్ల వరకు ఈ లెక్క నడుస్తుంది. వాన నీళ్లు, ఫాం పాండ్ నీళ్లు, వరద మీద ఉన్న చెరువు నీళ్ల దగ్గరికి వస్తే మాత్రం అదే పెన్ను మనల్ని తప్పుదారి పట్టించగలదు. పెన్ను పాడైపోవాల్సిన పని కూడా లేదు. పెద్ద అంకె దగ్గర సరిచూసి, చిన్న అంకె దగ్గర వాడుతున్నాం. చిక్కంతా అక్కడే ఉంది.

మాది కామారెడ్డి జిల్లా నాగిరెడ్డిపేట మండలం పోచారం. వ్యవసాయ డిప్లొమా చదివి, సొంత పొలంలో ప్రకృతి వ్యవసాయం చేస్తూ, ఘన జీవామృతం, కషాయాలు తయారుచేసి అమ్ముతున్నాను. కషాయానికి వచ్చేవాళ్లు సీసాలో నీళ్లు కూడా పట్టుకొస్తారు. "తమ్మీ, ఈ నీళ్లు పిచికారీకి పనికొస్తయా, జర చూడు" అంటారు. నేను చెప్పిన అంకెను బట్టి వాళ్లు డబ్బు ఖర్చు పెడతారు. అందుకే చిన్న అంకెల దగ్గర మీటరును ఎలా సరిచూస్తానో వివరంగా రాస్తున్నాను. జత చేసిన వీడియోలో ఇదే పని గ్లాసులు వరుసగా పెట్టి చేసి చూపించాను. అంకెలు రాసుకోవడానికి ఈ వ్యాసం పక్కన పెట్టుకోండి.

ఒక మాట ముందే చెబుతాను. ఈసీని మైక్రోసీమెన్స్ పర్ సెంటీమీటర్‌లో కొలుస్తారు. ఇక నుంచి ఉత్త అంకె మాత్రమే రాస్తాను. మీ పెన్ను పీపీఎం చూపిస్తే అది టీడీఎస్. అది కొలిచిన అంకె కాదు, ఈసీని 0.5తోనో 0.7తోనో గుణించి చూపించేది. ఈసీ 1000 ఉన్న ఒకే నీళ్లకు ఒక పెన్ను 500 అంటుంది, ఇంకోటి 700 అంటుంది. అందుకే పెన్నులో ఈసీ బటన్ ఉంటే దాన్నే వాడండి.

మా దగ్గర పలచటి నీళ్లు ఎక్కడివి

పోచారం ప్రాజెక్టు 1922లో పూర్తయింది. మంజీరలో కలిసే ఆలేరు వాగు మీద కట్టారు. దీని కాలువల కింద నాగిరెడ్డిపేట, ఎల్లారెడ్డి వైపు పొలాలు పారతాయి. 2025 ఆగస్టు చివర్లో కామారెడ్డి, మెదక్ జిల్లాల మీద పడ్డ వాన మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. కట్ట మీదికి అంత వరద వచ్చినా, వందేళ్లు దాటిన ఆ కట్టడం నిలబడింది.

అలా కొత్త వరద వచ్చినప్పుడు చెరువులో ఉండేది చాలావరకు వాన నీళ్లే. నేల మీద పారి వచ్చేటప్పుడు కొద్దిగా ఉప్పు కలుస్తుంది, అంతే. ఎండాకాలం వచ్చేసరికి నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మిగిలిపోతుంది. అదే చెరువులో ఈసీ మెల్లగా పెరుగుతుంది. ఫాం పాండ్‌లోనూ ఇదే జరుగుతుంది. అడుగున ప్లాస్టిక్ షీటు వేసిన పాండ్ అయితే మట్టి కూడా తగలదు కాబట్టి నీళ్లు ఇంకా పలచగా ఉంటాయి. మన బోర్లు సాధారణంగా వందల్లో, వేలల్లో ఉంటే, వాన నీళ్లు పదుల్లో ఉంటాయి.

ఉప్పు తక్కువుంటే మంచిదే కదా?

చాలామంది అడిగేది ఇదే. జవాబు పూర్తిగా అవును కాదు.

1954లో అమెరికా ఉప్పు నేలల ప్రయోగశాల వేసిన పుస్తకంలో 250 లోపు నీళ్లను అతి తక్కువ ఉప్పు నీళ్లుగా, దాదాపు అన్ని పంటలకూ పనికొచ్చేవిగా లెక్కగట్టారు. మనందరం చదువుకున్న పట్టిక అదే. కానీ ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1985లో సవరించి తెచ్చిన నీటి నాణ్యత పుస్తకం ఇంకో విషయం కూడా చెబుతుంది. ఈసీ 200 కంటే తక్కువున్న నీళ్లు నేలలోకి సరిగా ఇంకవు. నీళ్లలో సోడియం తక్కువున్నా ఈ ఇబ్బంది తప్పదు.

కారణం ఏమిటంటే, మట్టి రేణువులను గుత్తులుగా పట్టి ఉంచేవాటిలో కాల్షియం ముఖ్యమైంది. మరీ పలచటి నీళ్లు పై పొరలోని కాల్షియాన్ని, కరిగే లవణాలను కడిగేస్తాయి. గుత్తులు విడిపోయి సన్నటి రేణువులు రంధ్రాలను మూసేస్తాయి. ఎండితే పైన పెంకు కడుతుంది. సేంద్రియ పదార్థం తక్కువున్న ఎర్ర చలకల్లో ఇది తొందరగా కనిపిస్తుంది. దమ్ము చేసి నీళ్లు నిలబెట్టే వరి మడికి ఇది పెద్ద సమస్య కాదు. కూరగాయలకు, ఆకుకూరలకు, స్ప్రింక్లర్ కింద వేసే పంటలకు సమస్యే.

అంటే 200 అనేది మనకు ఒక గీత. ఆ గీతకు ఇటు ఉన్నామా, అటు ఉన్నామా అన్నది తెలియాలంటే పెన్ను 100, 200 అంకెల దగ్గర నిజం చెప్పాలి.

ఒక అన్న తెచ్చిన సీసా

నిరుడు ఎల్లారెడ్డి వైపు నుంచి ఒక అన్న వచ్చాడు. ఎర్ర చలకలో కొత్తిమీర వేసి, షీటు వేసిన పాండ్ నుంచి స్ప్రింక్లర్లతో నీళ్లు పెడుతున్నాడు. విత్తనం మంచిదే కానీ మొలక పెంకును పొడుచుకుని పైకి రాలేకపోతోంది. నీళ్లను మార్చే యంత్రమంటూ ఒకటి అమ్మేవాళ్లు ఆయన పెన్నుతోనే పాండ్ నీళ్లు కొలిచి, "205 వచ్చింది, 200 దాటింది, నీళ్లలో తప్పు లేదు, మీ నేలే చౌడు, యంత్రం పెట్టుకోండి" అన్నారట. బయానా ఇచ్చే ముందు ఆయన నా దగ్గరికి వచ్చాడు.

పెన్ను 1413 ద్రావణంలో పెట్టి చూస్తే 1420 చూపించింది. ఇది చూసిన ఎవరైనా పెన్ను బాగుందనే అంటారు. తర్వాత దాన్ని 150 ఉండాల్సిన నీళ్లలో పెట్టాం. 209 చూపించింది. 77 ఉండాల్సిన నీళ్లలో 139 చూపించింది. కింద రెండుచోట్లా దాదాపు 60 ఎక్కువ. ఆయన పాండ్ నీళ్లు కూడా ఆ మధ్యలోవే కాబట్టి, 205లోంచి ఆ 60 తీసేస్తే అసలు అంకె 146 దగ్గర ఉంటుంది. గీతకు బాగా కింద.

ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే మీ పెన్నును మీరే పట్టుకోగలరు.

1413 దగ్గర సరిపోతే చాలదు

పెన్నులో రెండు రకాల తేడాలు ఉంటాయి. మొదటిది వంతు తేడా. వందకు రెండు ఎక్కువ చూపిస్తే, వెయ్యికి ఇరవై ఎక్కువ చూపిస్తుంది. త్రాసు కాంటా బరువు పెరిగిన కొద్దీ తేడా పెంచినట్టు. రెండోది మొదలు తేడా. ఏమీ లేనప్పుడే అరవై చూపిస్తూ మొదలవుతుంది. ఖాళీ పళ్లెం పెట్టినా త్రాసు సున్నా మీద నిలవనట్టు.

1413 ఒక్కదాని దగ్గరే స్క్రూ తిప్పితే ఏమవుతుంది? మొదలు తేడాను వంతు తగ్గించి కప్పేస్తాం. 1413 దగ్గర అంకె కుదురుతుంది, కిందికి వచ్చేకొద్దీ అసలు తేడా బయటపడుతుంది. బోరు నీళ్లు 1200 ఉంటే అందులో 10, 15 తేడా పోయినా మన నిర్ణయం మారదు. వాన నీళ్లు 60 ఉన్నచోట 60 తేడా అంటే అంకె రెండింతలు.

డబ్బా మీద రాసి ఉన్నది కూడా చదవండి. చాలా చవక పెన్నుల మీద "ఫుల్ స్కేల్‌లో ప్లస్ లేదా మైనస్ 2 శాతం" అని ఉంటుంది. స్కేలు 3999 వరకు ఉంటే ఆ 2 శాతం అంటే 80. అంటే ఏ అంకె దగ్గరైనా 80 అటూ ఇటూ చూపించినా కంపెనీ మాట ప్రకారం పెన్ను బాగున్నట్టే. కాబట్టి ఆ అన్న పెన్నులో కంపెనీ తప్పు కూడా లేదు. చిన్న అంకెలకు పెన్నును సిద్ధం చేసుకునే పని మనదే.

మొదటి పరీక్ష: గాలిలో

పెన్నును మంచి నీళ్లలో కడిగి, మెత్తటి కాగితంతో అద్ది, కొసలు పూర్తిగా ఆరనివ్వండి. ఆన్ చేసి గాలిలోనే పట్టుకోండి. గాలిలో కరెంటు పారదు కాబట్టి 0 రావాలి. 1, 2 వచ్చినా ఫరవాలేదు. ఇరవై, ముప్పై వస్తే అది మొదలు తేడా. కొసల మధ్య తడి పొర ఉంటే కూడా అంకె వస్తుంది, అందుకే ఆరడం ముఖ్యం.

కొన్ని పెన్నులు లోపల ఎంత తేడా ఉన్నా చిన్న అంకెలను 0గానే చూపించేలా చేసి ఉంటారు. కాబట్టి గాలిలో 0 వచ్చిందని అక్కడితో ఆగకండి.

రెండో పరీక్ష: పలచటి ద్రావణం

బజారులో 84 అనే ద్రావణం సీసాల్లో అమ్ముతారు. దొరికితే అది తీసుకోవడం సులువు. దొరక్కపోతే 1413 నుంచే చేసుకోవచ్చు.

1413 ద్రావణం అంటే లీటరు నీళ్లలో 0.7455 గ్రాముల శుద్ధమైన పొటాషియం క్లోరైడ్. 25 డిగ్రీల దగ్గర దాని ఈసీ 1413. పొటాష్ ఎరువు కూడా పేరుకు ఇదే ఉప్పు, కానీ అందులో కల్తీలుంటాయి. కొలతకు అది పనికిరాదు, ప్యాకెట్లో వచ్చేదే వాడండి.

కొలపాత్ర కంటే నగల షాపులో వాడేలాంటి చిన్న డిజిటల్ కాంటా మేలు. నీళ్లు గ్రాముల్లో తూచుకోండి.

150 ద్రావణం: 1413 ద్రావణం 20 గ్రాములు, డిస్టిల్డ్ వాటర్ 180 గ్రాములు.
77 ద్రావణం: 1413 ద్రావణం 10 గ్రాములు, డిస్టిల్డ్ వాటర్ 190 గ్రాములు.

"పదింతలు పలచన చేస్తే 141 కదా రావాలి, 150 ఎందుకు?" అని అడుగుతారు. రెండు కారణాలు. నీళ్లలో ఉప్పు అయాన్లుగా విడిపోయి కరెంటును మోస్తుంది. చిక్కగా ఉన్నప్పుడు ఒకదానికొకటి అడ్డం పడతాయి, పలచనైన కొద్దీ ఒక్కోటి ఇంకొంచెం సులువుగా కదులుతుంది. సంతలో జనం మధ్య నడవడానికీ, ఖాళీ బాట మీద నడవడానికీ ఉన్న తేడా అది. దీన్ని పందొమ్మిదో శతాబ్దంలో జర్మనీ శాస్త్రవేత్త కోల్‌రౌష్ కొలిచి చెప్పాడు. అందుకే పదింతలు పలచనైన పొటాషియం క్లోరైడ్ 141 కాదు, 147 చూపిస్తుంది. ఇరవై ఇంతలు పలచనైతే 74.

రెండో కారణం, మనం కలిపిన డిస్టిల్డ్ వాటర్‌కు కూడా ఎంతో కొంత ఈసీ ఉంటుంది. అది 3 అనుకుంటే 147 కాస్తా 150, 74 కాస్తా 77 అవుతుంది. మీ నీళ్లు 3 కాకుండా 8 ఉంటే 155, 82 అని లెక్క పెట్టుకోండి. పెన్నుకే మొదలు తేడా ఉంటే డిస్టిల్డ్ వాటర్ ఈసీ ఎలా తెలుస్తుంది? గాలిలో వచ్చిన అంకెనూ, డిస్టిల్డ్ వాటర్‌లో వచ్చిన అంకెనూ పక్కపక్కన రాయండి. గాలిలో 63, నీళ్లలో 66 వస్తే నీళ్లది 3. ఇంట్లో ఆర్‌వో నీళ్లు దీనికి పనికిరావు, వాటిలో ఉప్పు ఇంకా మిగిలే ఉంటుంది. బ్యాటరీలో పోసే నీళ్లు కొత్త డబ్బా తెరిచి వాడుకోవచ్చు, అవి కూడా చూసుకున్నాకే.

అంకెలు చదివే తీరు

ఒక కాగితం మీద మూడు వరుసలు రాయండి: 77, 150, 1413. పక్కన మీ పెన్ను చూపించినవి రాయండి.

77 దగ్గరా 150 దగ్గరా దాదాపు ఒకే తేడా ఉంటే అది మొదలు తేడా. వాన, పాండ్ నీళ్లు కొలిచినప్పుడు ఆ అంకె తీసేయండి. తేడా 77 దగ్గర 4, 150 దగ్గర 8 ఇలా రెట్టింపవుతుంటే అది వంతు తేడా, స్క్రూతోనో బటన్‌తోనో సరిచేయొచ్చు. ఒకే గ్లాసులో మూడుసార్లు పెట్టి చూస్తే మూడుసార్లూ వేరే అంకెలు వస్తుంటే కొసలు మురికి పట్టినట్టు లేదా బ్యాటరీ అయిపోయినట్టు.

ఇద్దరు ముగ్గురు రైతులు కలిసి ఉన్నచోట నేను చెప్పేది రెండు పెన్నులు పెట్టుకోమని. ఒకటి 1413 దగ్గర సరిచూసింది, బోర్లకు. రెండోది 84 లేదా 150 దగ్గర సరిచూసింది, వాన, చెరువు, పాండ్ నీళ్లకు. టేపు అంటించి దాని మీద రాసి పెట్టండి. ఏ నీళ్లు కొలుస్తామో ఆ అంకెకు దగ్గర్లో సరిచూడాలన్నదే మొత్తం సూత్రం.

పలచటి నీళ్లను పాడుచేసేవి

బోరు నీళ్లలో లెక్కకు రాని చిన్న విషయాలు ఇక్కడ పెద్దవవుతాయి.

చెమట: వేలు ముంచితే చాలు, అంకె మారిపోతుంది. సీసాను, గ్లాసును కొలవబోయే నీళ్లతోనే మూడుసార్లు తొలిచి పారబోసి, నాలుగోసారి పట్టండి.

వరుస: ఎప్పుడూ పలచటి నీళ్ల నుంచి చిక్కటి నీళ్లకు వెళ్లండి. ముందు వాన నీళ్లు, తర్వాత చెరువు, చివర బోరు. తిరగేసి కొలిస్తే బోరు ఉప్పు వాన నీళ్లలోకి వస్తుంది.

జీవామృతం: చాలామంది జీవామృతం డ్రమ్ములో కూడా పెన్ను ముంచుతారు. పేడ, బెల్లం జిగురు కొసలకు పట్టి ఎండితే తర్వాతి పదిసార్లు తప్పు చూపిస్తుంది. డ్రమ్ముకు పాత పెన్ను వేరే పెట్టుకోండి.

వేడి: నీళ్ల వేడి ఒక్క డిగ్రీ పెరిగితే ఈసీ దాదాపు 2 శాతం పెరుగుతుంది. ఎండలో పెట్టిన ప్యాకెట్ ద్రావణం 40 డిగ్రీలు ఉంటే, 25 డిగ్రీల దగ్గరి కంటే 30 శాతం ఎక్కువ. పెన్ను తనంతట తాను సరిచేసే రకమైనా, నీళ్ల వేడిని అందుకోవడానికి దానికి ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ద్రావణాలు, శాంపిళ్లు అన్నీ పొద్దుగాల నుంచి ఒకే గదిలో నీడలో పెట్టి, ఒకే వేడి మీద కొలవండి.

గాలి: అతి శుద్ధమైన నీటి ఈసీ 25 డిగ్రీల దగ్గర 0.055 మాత్రమే. కానీ గ్లాసులో తెరిచి పెడితే గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కరిగి 1 దగ్గరికి వస్తుంది. 1894లో కోల్‌రౌష్, హైడ్‌వైలర్ ఆ అతి చిన్న అంకెను కొలవడానికి గాలి తగలకుండా నీళ్లను శుద్ధి చేయాల్సి వచ్చింది. మన పొలంలో సున్నా నీళ్లు అనేవి ఉండవు. డిస్టిల్డ్ వాటర్‌లో పెట్టి సున్నా చేయాలని చూడకండి.

బుడగలు: పెన్ను ముంచాక గ్లాసుకు రెండుసార్లు తట్టండి. కొసల మధ్య బుడగ ఉంటే అంకె తగ్గుతుంది.

వాడిన ద్రావణం తిరిగి సీసాలో పోయకండి. పలచన చేసుకున్నవి ఆ రోజుకు వాడి పారబోయండి.

అంకె తెలిశాక పొలంలో ఏం చేయాలి

ఆ అన్న యంత్రం కొనలేదు. ఆయన బోరు 1100 ఉంది. నాలుగు వంతుల పాండ్ నీళ్లకు ఒక వంతు బోరు నీళ్లు కలిపితే దాదాపు 335 వస్తుంది, గీత దాటుతుంది. కలిపే ముందు బోరు నీళ్లలో సోడియం ఎంతుందో ల్యాబులో చూపించాం. సోడియం ఎక్కువున్న బోరును కలిపితే పెంకు ఇంకా గట్టిపడుతుంది, ఈ మాట మరిచిపోవద్దు. దాంతో పాటు విత్తిన మడుల మీద పలచగా వరిగడ్డి పరిచాడు. స్ప్రింక్లర్ చుక్క నేరుగా మట్టిని కొట్టకుండా గడ్డి ఆపుతుంది. తర్వాతి విత్తులో మొలక సమంగా వచ్చింది. గడ్డి వల్ల ఎంత, నీళ్ల వల్ల ఎంత అని విడదీసి చెప్పలేను, రెండూ ఒకేసారి చేశాం.

పాండ్ నీళ్లు మాత్రమే ఉన్నవాళ్లకు ఆచ్ఛాదన, ఘన జీవామృతం, పచ్చిరొట్ట ఇవే దారి. సేంద్రియ పదార్థం పెరిగిన నేల పలచటి నీళ్లకు, వానకు కూడా అంత తొందరగా విడిపోదు. వాన కూడా పలచటి నీళ్లే కదా, దానికి మనం ఏమీ కలపలేం. కాబట్టి నేలను సిద్ధం చేయడమే పని.

ఇంకో పక్క, ఈ పలచటి నీళ్లకు మంచి వాడకం కూడా ఉంది. వేప నూనె, సబ్బు నీళ్లు కలిపి పిచికారీ చేసేవాళ్లకు కఠినమైన బోరు నీళ్లలో సబ్బు విరుగుతుంది, నూనె పైన తేలుతుంది. వాన నీళ్లో, వరద తేరుకున్నాక చెరువు నీళ్లో రెండు డ్రమ్ములు పట్టి మూత పెట్టుకోండి.

ఈసీ చెప్పని సంగతులు

ఎంత బాగా సరిచూసిన పెన్నైనా నీళ్లలో మొత్తం ఉప్పు ఎంతో చెబుతుంది, ఏ ఉప్పో చెప్పదు. ఫ్లోరైడ్ ఉందా, నైట్రేట్ ఉందా, సోడియం ఎంత అన్నది ల్యాబులోనే తేలుతుంది. ఈసీ తక్కువుందని తాగొచ్చని కాదు, సూక్ష్మజీవులు పెన్నుకు కనిపించవు.

ఈ వానాకాలం నుంచి ఒక చిన్న పుస్తకం పెట్టండి. నెలకోసారి, ఒకే చోట నుంచి చెరువు, పాండ్, బోరు నీళ్లు పట్టి, ముందు 77, 150 చూసి, తర్వాత మీ నీళ్లు చూసి, తేదీతో రాసుకోండి. వచ్చే ఎండాకాలం నాటికి ఏ నీళ్లు ఏ పంటకో, ఎవరేం అమ్మడానికి వచ్చినా ఏం అడగాలో మీ పుస్తకంలోనే ఉంటుంది. ముందు పని మాత్రం చిన్నదే. ఈరోజు పెన్ను కడిగి, ఆరబెట్టి, గాలిలో ఎంత చూపిస్తుందో చూసి రాసుకోండి.